అరువు గొంతు

ఆ ఏడు పచ్చి పెంకులు ఎండకి పెట్టడం మొదలైన వారంలోనే మావాడు పోయాడు. లోడుతో వెళ్లిన లారీ వంతెన దిగుతూ పక్కకి ఒరిగింది. డ్రైవరు దూకాడు, మావాడు దూకలేదు. అంతకు మించి నాకు తెలిసింది లేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. వచ్చినవాళ్లంతా ఏవేవో చెప్పారు. తల ఊపాను. వాళ్లు వెళ్లాక పనిలోకి దిగాను. మట్టి తొక్కి పెట్టి ఉంది. వదిలేస్తే బిగుసుకుపోతుంది.

ఇంట్లో మిగిలింది ముగ్గురం. నేను, మా ఆవిడ, కోడలు. కోడలిది మన భాష కాదు, టర్కీ భాష. రేవులో సరుకు లెక్క చూసుకునే ఆఫీసులో పనిచేసేది. పెంకులు దింపడానికి వెళ్లి వెళ్లి మావాడు ఆ పిల్లని చేసుకున్నాడు. ఇంటికొచ్చాక మా మాట తొందరగానే పట్టుకుంది. ళ మాత్రం పలకదు, నీళ్లని నీల్లు అంటుంది. మా ఆవిడ మొదట్లో దిద్దేది. కొన్నాళ్లకి తనే నీల్లు అనడం మొదలుపెట్టింది.

వియ్యంకుడు వాళ్ల దేశంలోనే ఉంటాడు. పెద్దాయన. గుండె జబ్బు, కళ్లలో పొర. ప్రయాణం చేయలేడు, ఫోన్‌లో బొమ్మ చూపించినా ఆనదు. పెళ్లి కూడా చెవులతోనే చూశాడు పాపం. ఆయనతో మాట్లాడటానికే మావాడు ఆ భాష నేర్చుకున్నాడు. వారానికోసారి ఫోన్ చేసి ఊపిరాడకుండా వాగేవాడు. వీడు ఏమన్నా అవతల ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు పెరట్లోకి వినపడేది.

ఆయనకి సంగతి చెప్పలేదు. వేసవి చివర గుండెకి ఆపరేషన్. అది అయ్యేదాకా మనసుకి ఏ దెబ్బా తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. చెప్పావంటే నాన్న కూడా దక్కడని కోడలి అన్న ఫోన్‌లో ఏడ్చాడు. కోడలు సరేనంది. ఒక వారం, లోడు వేసుకుని దూరం వెళ్లాడని చెప్పింది. ఇంకో వారం, గొంతు పట్టేసిందని చెప్పింది. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక, అవతల నాన్న మాట్లాడుతుండగా ఫోన్ పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే ఆరబెట్టిన పెంకుల్లోకి కుక్క దూరింది. నేను గట్టిగా అదిలించాను.

ఫోన్‌లోంచి ఆయన పెద్దగా ఏదో అన్నాడు. సంతోషపడ్డ మనిషి గొంతు అది, భాష రాకపోయినా తెలుస్తుంది. కోడలు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నా దగ్గరకొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మామయ్యా, నాన్న మీ గొంతు విన్నాడు. అదుగో మా అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు, ఫోన్ ఇవ్వు అంటున్నాడు."

మా ఇద్దరి గొంతూ ఒకటే. ఇది కొత్త సంగతి కాదు. మావాడి స్నేహితులు ఫోన్ చేసి, నేను హలో అనగానే దున్నపోతా ఎక్కడ చచ్చావురా అని మొదలెట్టేవాళ్లు. ఉన్నాను నాయనా, చెప్పు అనేవాణ్ణి. అవతల ఫోన్ టక్కున పెట్టేసేవాళ్లు. మావాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఆ రోజు ఫోన్ తీసుకోలేదు. రెండుసార్లు దగ్గి పెంకుల వైపు వెళ్లిపోయాను. ఇంకా గొంతు బాగాలేదని కోడలు సర్దిచెప్పింది. సరే, వచ్చే వారం అన్నాడట ఆయన.

సాయంత్రం అన్నం దగ్గర, వచ్చే వారం మావాడిలా మాట్లాడమని కోడలు అడిగింది. నాలుగు మాటలు చాలంది. బాగున్నాను, మీరెలా ఉన్నారు, మందులు వేసుకుంటున్నారా, ఉంటాను. ఆయన చెవిలో ఆ గొంతు పడితే చాలంది.

"నావల్ల అయ్యే పనేనా తల్లీ. ఉన్న భాషే సరిగ్గా మాట్లాడనని మీ అత్తయ్య సాధిస్తుంది."

మా ఆవిడ తలెత్తలేదు. కంచం తీసుకుని లేచింది. గుమ్మం దాటుతూ, మీ ఇష్టం అని మాత్రం అంది. ఎవరితో అందో తెలీదు.

ఎందుకు ఒప్పుకున్నానని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అప్పట్లో ఎవరేం చెయ్యమంటే అది చేస్తున్నాను. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఇదీ అలాగే అనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో పచ్చి పెంకుల జోలికి వెళ్లకూడదు. ఆ వేళ మట్టి షెడ్డులో నీడపట్టున కూర్చునేవాళ్లం. కోడలు బోర్లించిన చెక్క పీట మీద, నేను గోనె మీద. ముందు మాటలు చెప్పలేదు, నోరు ఎలా పెట్టాలో చెప్పింది. పెదాలు ఊ అన్నట్టు ముడవాలి, లోపల నాలుక మాత్రం ఈ అనాలి. అలాగే పెదాలు ఓ, నాలుక ఏ. ఇంకొకటుంది, దానికి పెదాలు చచ్చినట్టు పడుండాలి, నాలుక వెనక్కి పోవాలి. కడుపులో నొప్పొచ్చి మూలిగినట్టుంటుంది ఆ చప్పుడు. నాకు అది ఒక్కటే తేలిగ్గా వచ్చింది.

పని చేస్తున్నంతసేపూ పెదాలు ముడిచి సాధన చేసేవాణ్ణి. బట్టీ మేస్త్రి చూశాడు. వరసకి ఏమీ కాడు గానీ చిన్నప్పట్నుంచీ నన్ను బావా అంటాడు.

"ఏంటి బావా, పెంకులకి ముద్దులు పెడుతున్నావు? బట్టీలోకి పోతున్నాయని బెంగా?"

మిగతావాళ్లు నవ్వారు. తర్వాత, ఈ మనిషి ముందు నవ్వకూడదేమో అని గుర్తొచ్చినట్టు ఆపేశారు. మేస్త్రి కూడా మొహం తిప్పుకున్నాడు. నాకు మాత్రం నవ్వితే నవ్వనీ అనిపించింది.

తర్వాత అసలు కిటుకు చెప్పింది కోడలు. వాళ్ల భాషలో ప్రతి మాటకీ వెనకాల తోకలు తగిలిస్తూ పోతారు, మనలాగే. కానీ ఆ తోకల రంగు మొదటి అచ్చుని బట్టి మారుతుంది. ఇల్లు ఎవ్, ఇళ్లు ఎవ్లెర్. గుర్రం అత్, గుర్రాలు అత్లార్. ముందు నోరు ఎలా తెరిచామో, మాట ముగిసేదాకా అలాగే ఉంచాలి. మధ్యలో మారిస్తే వినేవాళ్ల చెవిలో రాయి పడుతుంది.

కోడలు ఇంకా చెప్పబోతుంటే ఆపాను. నాకు అర్థమైంది. ఇంటికప్పు మీద పెంకులు పరిచేటప్పుడు చూరు దగ్గర మొదటి పెంకు పెదవి ఎడమకి పెడితే, ఆ వరస మొత్తం ఎడమకే పోవాలి. మధ్యలో ఒకటి కుడికి తిరిగితే అక్కడే నీళ్లు కారతాయి. పని నేర్చుకునేవాడికి ఇది చెప్పక్కర్లేదు, ఒక వాన చాలు. కోడలు ఆ మాట విని నా వైపు అదోలా చూసింది.

"మీ అబ్బాయికి ఇది చెప్పడానికి ఒక చలికాలం పట్టింది మామయ్యా."

"వాడు కప్పు ఎక్కలేదు కదమ్మా. లారీ ఎక్కాడు."

కోడలు పీట మీద సర్దుకుని కూర్చుంది. మళ్లీ తనే, మన భాషలోనూ ఇలాంటిదుందని చెప్పింది. నేను ఎప్పుడూ గమనించలేదు. మనిషి అంటాం. పక్కన ఇంకొకళ్లు చేరితే మనుషులు అంటాం. షి కాస్తా షు అయిపోతుంది. మా మాటల్లో ముందొచ్చింది వెనకదాన్ని దిద్దుతుంది, మీ మాటల్లో వెనకొచ్చింది ముందుదాన్ని మారుస్తుంది అంది. భాష నేర్చుకునేటప్పుడు అదే తనకి తమాషాగా ఉండేదట. నేను గోనె మీద ఆరిన మట్టి గోకుతూ కూర్చున్నాను.

ఫోన్ చేయాల్సిన రోజు దగ్గరపడింది. మాటలు వరసగా అప్పజెప్పాను. ఎక్కడా తడబడలేదు. ఊ అన్న పెదాల్లోంచి ఈ వచ్చింది, చివరి అక్షరాలు తెగినట్టు ఆగాయి. కోడలు మెచ్చుకుంటుందనుకున్నాను. తల అడ్డంగా ఊపింది.

"బాగా వచ్చేసింది మామయ్యా. అదే చిక్కు. మీ అబ్బాయి ఇలా అనడు."

ఫోన్‌లో వాడి గొంతు దాచుకుంది. ఎప్పుడో తనకి వాళ్ల భాషలో పంపిన మాటలు. నాకు వినిపించాలా వద్దా అని చాలాసేపు ఫోన్ అటూ ఇటూ తిప్పింది. తర్వాత బయట ఆరబెట్టిన పెంకుల వైపు చూస్తూ మీట నొక్కింది.

విన్నాను. గుండెలో ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ అవలేదు. పని నేర్చుకునేవాడిలా విన్నాను. చాలా అనడానికి చోక్ అనాల్సిన చోట చోకు అంటున్నాడు. బస్సు, కారు, లైటు అన్నట్టు ప్రతి మాట చివరా ఒక ఉ తగిలిస్తున్నాడు. పెదాలు ముడిచే దగ్గర ముడవకుండా తేల్చేస్తున్నాడు. మొదటి అక్షరాన్ని నొక్కి, చివరికి వచ్చేసరికి జారిపోతున్నాడు. అచ్చం నేను మొదటి రోజు అన్నట్టే ఉంది. వాడి తప్పులు వాడివి కావు. ఆ నోరు నా ఇంట్లో తయారైంది.

ఇక సాధన అక్కర్లేకపోయింది. నేర్చుకున్నది పక్కన పెట్టి, నాలుకని దాని ఇష్టానికి వదిలేస్తే చాలు. మావాడు వచ్చేస్తున్నాడు.

మొదటిసారి ఫోన్ నడింట్లో బల్ల మీద పెట్టుకుని, పెద్దగా వినపడేటట్టు చేసి కూర్చున్నాం. కోడలు వేళ్లు చూపిస్తుంది. ఒక వేలు అంటే బాగున్నాను. రెండు అంటే మీరెలా ఉన్నారు. పిడికిలి అంటే అవును బాబా, బాబా అంటే వాళ్ల భాషలో నాన్న. ఆయన గొంతు లోతుగా, కొంచెం ఆయాసంగా ఉంది. ప్రతి మాట వెనకా ఓలుమ్ అంటాడు. నాయనా, కొడుకా అని దాని అర్థం. వేలు చూసినప్పుడల్లా నేను ఒక మాట వదిలాను. ఆయన నవ్వాడు. పెరట్లోకి వినపడే ఆ నవ్వే. ఇంకో మాట వదిలాను.

అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. చేతుల నిండా సబ్బు నురుగు. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయింది. మోచేతుల మీద నుంచి నురుగు నేల మీద పడుతోంది. నేను ఫోన్‌లో అవును బాబా అంటున్నాను. ఆవిడ కొంగుతో నేల తుడిచి వెనక్కి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచీ ఫోన్ వేళకి పక్కింటికి వెళ్లేది.

వారాలు అలా నడిచాయి. కొన్ని కొత్త మాటలు చేరాయి. సా ఓలున్ అని ఒకటి నేర్పింది కోడలు. ఎవరైనా మంచి మాట అంటే, కుశలం అడిగితే, ఏమీ తోచకపోతే అది అనెయ్యమంది. నాకు బాగా పనికొచ్చింది, చాలాసార్లు ఏమీ తోచేది కాదు. కొన్నాళ్లకి కోడలు కూడా పక్కన కూర్చోవడం మానేసింది. ఫోన్ కలిపి, నాన్నతో రెండు మాటలు మాట్లాడి, నా చేతిలో పెట్టి మట్టి షెడ్డులోకి వెళ్లిపోయేది. వినలేకపోతున్నానని చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒంటరిగా ఫోన్ చెవికి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. వియ్యంకుడు రానురాను పెద్ద పెద్ద సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఏం చెప్పేవాడో నాకు తెలీదు. మావాడైతే మధ్యలో దూరి ఆయన్ని చెప్పనిచ్చేవాడు కాదు. నేను ఊరుకుంటాను కదా. ఆయన చెబుతూ చెబుతూ ఆగితే, అవును బాబా అనేవాణ్ణి. ఆయన చెప్పేది కొండ దిగే నీళ్లలా ఒకే పాయన వచ్చేది. పెదాలు ముడిచిన మాటలన్నీ ఒక వరసలో, తెరిచిన మాటలన్నీ ఒక వరసలో. ఎక్కడా ఒక్క పెంకు తిరగబడేది కాదు.

నిజం చెప్పాలంటే ఆ రోజు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఇంట్లో మావాడి మంచం తీసేశారు. చెప్పులు ఎవరికో ఇచ్చేశారు. ఊళ్లోవాళ్లు వాడి పేరు ఎత్తడం మానేశారు. ఆ ఫోన్‌లో మాత్రం వాడు బాగున్నాడు, మందులు వేసుకున్నారా అని అడుగుతున్నాడు, ఒకాయన వాణ్ణి కొడుకా అంటున్నాడు. ఆపరేషన్ అయ్యాక చెప్పేద్దామని కోడలు అన్నప్పుడల్లా సరే అనేవాణ్ణి. ఆపరేషన్ ఇంకాస్త వెనక్కి జరిగితే బాగుండునని లోపల అనుకునేవాణ్ణి. ఒక రోగి గురించి అలా అనుకోవచ్చా? అనుకున్నాను మరి.

వేసవి ఆఖరి బట్టీ పేర్చాం. మబ్బులు పట్టేలోపు కాల్చేయాలని మేస్త్రి కంగారు. మర్నాడు వియ్యంకుడికి ఆపరేషన్. అందుకని వారం తిరక్కపోయినా పొద్దున్నే ఫోన్ కలిపింది కోడలు. నాన్నతో నవ్వు తెచ్చిపెట్టుకుని మాట్లాడింది. నాకు ఇచ్చి వెళ్లిపోయింది.

బాగున్నాను బాబా అన్నాను. మందులు వేసుకున్నారా అన్నాను. ఆయన ఎప్పటిలా నవ్వలేదు.  తర్వాత మెల్లగా, ఒక్కొక్క మాటా నా చేతిలో పెడుతున్నట్టు ఏదో అన్నాడు. కొంచెం ఆగి మళ్లీ అదే అన్నాడు. అలవాటుగా సా ఓలున్ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు ఓలుమ్ అన్నమాట ఒక్కసారీ రాలేదని, బట్టీ దగ్గరికి నడుస్తుంటే తట్టింది.

బట్టీకి నిప్పు పెట్టాక వదిలి రావడానికి ఉండదు. ఆయన అన్న చప్పుడు పోతుందేమోనని రోజంతా నోట్లో పెట్టుకు తిరిగాను. పచ్చి పెంకుని అచ్చులోంచి తీసి ఎండలోకి మోసుకెళ్లేటప్పుడు వేలి గుర్తు పడకూడదు, వంగకూడదు, పక్కనెవరైనా పలకరించినా తిరగకూడదు. అలా మోశాను. మేస్త్రి ఏదో హాస్యమాడాడు. ఊ అని కూడా అనలేదు.

"ఇవాళ నోట్లో ఏం పెట్టుకున్నావు బావా?"

చేత్తో పొమ్మని సైగ చేశాను.

పొద్దు వాలుతుండగా మరొకణ్ణి మంట దగ్గర కూర్చోబెట్టి ఇంటికొచ్చాను. కోడలు వాకిట్లో బట్టలు తీస్తోంది. మా ఆవిడ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చెప్పులు విప్పకుండానే, పొద్దున్న మీ నాన్న అన్నది ఇదమ్మా, అర్థం చెప్పు అని, ఉన్నది ఉన్నట్టు దింపాను. ఈసారి నాలుకని వదిలెయ్యలేదు. షెడ్డులో నేర్చుకున్నట్టు, పెదాలు ముడిచే దగ్గర ముడిచి, చివర్లు తెంపి అన్నాను.

"దునురుమ్. బాషునుజ్ సా ఓల్సున్."

కోడలు చేతిలో బట్టలు అలాగే ఉన్నాయి. ఇంకోసారి అనమంది. అన్నాను.

"దునుర్ అంటే వియ్యంకుడు మామయ్యా. ఆయన మిమ్మల్ని పిలిచాడు."

"మిగతాది?"

"మీ తల క్షేమంగా ఉండాలి అని. పోయినవాళ్ల ఇంటికెళ్లి, వాళ్ల అమ్మానాన్నలతో అనే మాట. ఇంకెప్పుడూ అనరు."

మా ఆవిడ చేట పక్కన పెట్టింది.

కోడలు వెంటనే అన్నకి ఫోన్ చేసింది. తను చెప్పలేదని అతను ఒట్టేశాడు. ఎప్పటినుంచి తెలుసో ఎవరూ చెప్పలేకపోయారు. నేను కుక్కని అదిలించిన రోజే తెలిసిందేమో. కొడుకా కొడుకా అని అన్నాళ్లు పిలిచింది నా కోసమో, ఆయన కోసమో. మర్నాడు కత్తి కింద పడుకోబోతూ, అనాల్సిన మాట అనకుండా పోతానేమోనని భయపడి ఉంటాడు.

"దానికి మీరేమన్నారు మామయ్యా?" అని అడిగింది కోడలు.

"సా ఓలున్ అన్నాను. నాకొచ్చింది అదేగా. తప్పా?"

"కాదు. అదే అనాలి. దానికి జవాబు అదే."

అరుగు మీద కూర్చున్నాను. ఊళ్లో ఎంతమంది వచ్చి ఎన్ని చెప్పారో. ఒక్కటీ లోపలికి పోలేదు. ఈ ఒక్క మాటకీ జవాబు చెప్పేశాను, చెప్పానని తెలియకుండా. కాళ్లకి చెప్పులు అలాగే ఉన్నాయి. ఎవరో వచ్చి విప్పారు. మా ఆవిడే అనుకుంటాను. బట్టీ పొగ ఇంటి మీదుగా పోతోంది. కళ్లు మండాయి. పొగే అనుకున్నాను చాలాసేపు.

మర్నాడు ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం కోడలి అన్న ఫోన్ చేసి గండం గడిచిందన్నాడు. అదే వేళకి మొదటి చినుకులు పడ్డాయి. బట్టీ మీద టార్పాలిన్ కప్పడానికి పరిగెత్తాం.

బట్టీ చల్లారి, పెంకులు ఒక్కొక్కటే మోగించి పగుళ్లు చూసుకుంటున్న రోజుల్లో వియ్యంకుడు లేచి కూర్చున్నాడని తెలిసింది. ఆ వారం ఫోన్ కలిపేసరికి మా ఆవిడ పక్కింటికి వెళ్లలేదు. చేతులు తుడుచుకుని వచ్చి బల్ల దగ్గర కుర్చీ లాక్కుంది. కోడలు నాన్నతో మాట్లాడింది, ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఫోన్ పెద్దగా వినపడేటట్టు చేసి నాకివ్వబోతే మా ఆవిడ చెయ్యి చాపింది.

ఫోన్ చెవికి కాకుండా నోటికి దగ్గరగా పెట్టుకుంది. అత్తయ్య అని కోడలు పక్కనుంచి వాళ్ల భాషలో చెప్పింది. అవతల ఆయన మెల్లగా ఆ మాటే అన్నాడు, ఈసారి ఆవిడతో. మా ఆవిడ మా ఇద్దరి వైపూ చూసింది. పెదాలు ఒకసారి లోపల కదిపి సరిచూసుకుంది.

"సా ఓలును," అంది.

చివర ఒక ఉ ఉంది. కోడలు దిద్దలేదు.